వేరు కొస

మంగళవారం ఉదయం ఎనిమిదింబావుకు నర్సరీ తాళంచెవులు గంగరత్న చేతికి ఇచ్చారు.

ఇచ్చినవాడు దామోదర్, నర్సరీ నడిపే ట్రస్టు తరఫున పనివాళ్ళను చూసుకునే మేనేజరు. బెంగుళూరు బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీ గోడ వెనక, ట్రస్టు బాడుగకు తీసుకున్న ఎకరం స్థలంలో ఉంది ఆ నర్సరీ. ఎనిమిదిమంది ఆడవాళ్ళు పనిచేస్తారు. కూలి రోజుకు నాలుగువందల ఎనభై. రాని రోజుకు కూలి లేదు. దామోదర్ వాళ్ళను నీళ్ళతొట్టి దగ్గర నిలబెట్టి, ఈ రోజు నుంచి గంగరత్న మేస్త్రీ అని చెప్పాడు. నెలకు పదహారువేలు, పీఎఫ్, ఈఎస్‌ఐ కార్డు. శుక్రవారం పూజ చేసి మొక్కలను లారీలో కొండకు పంపుతారు. మొదటి మొక్కను గంగరత్న లారీ ఎక్కిస్తుంది, కొండమీద మొదటి మొక్క ఆమే నాటుతుంది. ఆ తర్వాత వారానికి రెండుసార్లు వ్యాన్‌లో పోయి వాటిని చూసి రావాలి.

అందరూ చప్పట్లు కొట్టారు. పిళ్ళమ్మ కూడా కొట్టింది. కొడుతూ తాళంచెవుల గుత్తివైపే చూసింది. గంగరత్న దాన్ని కొంగు చివర ముడివేసి నడుము దగ్గర దోపుకుంది. ఆ ముడి పడిన తీరు చూస్తే, ఇంటి దగ్గర ముందే ఒకసారి వేసి చూసుకుందేమోనని పిళ్ళమ్మకు అనిపించింది.

"ఏంటి పిళ్ళక్కా, నువ్వు తెచ్చి పెట్టిన మొక్కే నీకంటే ఎత్తు ఎదిగిపోయిందే" అంది పక్కనున్న మార్త. ఆమెది కృష్ణా జిల్లా. నోరు ఆగదు.

"ఎదగనీలేమ్మా, నీడకు పనికొస్తాది" అంది పిళ్ళమ్మ.

మార్త నవ్వింది. పిళ్ళమ్మ కూడా నవ్వి తన వరసకు పోయింది. కూర్చోబోతే మోకాలు మడత పడలేదు. చేత్తో వంచుకుని కూర్చుంది.

గంగరత్నను ఈ పనిలో పెట్టించింది పిళ్ళమ్మే. ఇద్దరిదీ ఒకే వఠారం. వరసగా ఆరు గదులు, అందరికీ కలిపి ఒక కొళాయి. పిళ్ళమ్మది కొళాయి పక్క గది, గంగరత్నది చివరిది. నాలుగేళ్ళ కిందట గంగరత్న భర్త రోడ్డు దాటుతూ సిమెంటు లారీ కింద పడి చనిపోయాడు. అప్పుడు కూతురు రమ్య ఏడో తరగతి. కిందటేడు గంగరత్న పనిచేసే గార్మెంట్ ఫ్యాక్టరీలో ఒక లైను ఎత్తేశారు. పిళ్ళమ్మ దామోదర్‌తో మాట్లాడి ఆమెను ఇక్కడికి తీసుకొచ్చింది. పని నేర్పింది కూడా తనే. ఇసుక ట్రేలో మొలిచిన మొక్క రెండాకులు వేయగానే పుల్లతో లేపి, మట్టి నింపిన నల్ల సంచిలోకి మార్చాలి. పుల్ల ఎంత లోతు పోవాలో, ఎక్కడ పట్టుకుని లేపాలో గంగరత్నకు చెయ్యి పట్టి చూపించింది.

వాళ్ళు పెంచేది మాగళి వేరు. రాయలసీమలో మారేడు కొమ్ములంటారు. కొండల్లో బండరాళ్ళ సందుల్లో పాకే తీగ అది. దాని గడ్డవేరు ముట్టుకుంటే రెండురోజుల దాకా వాసన చేతిని వదలదు. మజ్జిగలో ఊరగాయ పెడతారు, షర్బత్ చేస్తారు, కడుపుకూ రక్తానికీ ఇచ్చే మందుల్లో కలుపుతారు. వేరు మొత్తం తవ్వి తీస్తే తీగ చచ్చిపోతుంది. అట్లా తవ్వి తవ్వి బెంగుళూరు చుట్టుపక్కల కొండల్లో అది దాదాపు లేకుండా పోయింది. మళ్ళీ కొండకు చేర్చాలని ట్రస్టు ఈ నర్సరీ పెట్టింది. డబ్బు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీది.

మొక్కల బాధ్యత కిరణ్మయిది. గుంటూరు అమ్మాయి. మొక్కల మీద డాక్టరేటు చేసింది, కుందలహళ్ళిలో అద్దెకుంటోంది. తొట్టి పక్కన గోడకు ఆమె ఒక బోర్డు పెట్టింది. అందులో ఎనిమిది పేర్లు, ఒక్కో పేరు ఎదురుగా నూటికి ఎన్ని మొక్కలు బతికాయో అంకె. పోటీ ఉంటే పని జరుగుతుందని దామోదర్ చెప్పగా పెట్టిన బోర్డు అది. కిందటి నెల గంగరత్న పేరు ఎదురుగా ఎనభైమూడు ఉంది. పిళ్ళమ్మ పేరు ఎదురుగా నలభైఒకటి. మేస్త్రీ ఉద్యోగం ఒకటే.

ఆ నలభైఒకటి ఎందుకో పిళ్ళమ్మకు అంతుపట్టలేదు. మాగళి వేరు ఆమెకు కొత్త కాదు. గార్మెంట్‌కు పోకముందు పదకొండేళ్ళు కాటన్‌పేటలో శ్రీనివాసులు వేర్ల అంగడిలో పనిచేసింది. కొండల నుంచి గోతాల్లో సరుకు దిగేది. గోతం విప్పి, ఒక్కో వేరు కొసను బొటనవేలి గోటితో గిల్లి, వాసన చూసి, ఫస్టు రకం ఒక కుప్ప, సెకండు రకం ఒక కుప్ప పోసేది. పిళ్ళమ్మ ముక్కు తప్పు చెప్పదని శ్రీనివాసులు బేరానికి వచ్చినవాళ్ళతో అనేవాడు. ఆ మాట ఆమె మరిచిపోలేదు. చెయ్యి కూడా మరిచిపోలేదు. ఇక్కడా మొక్కను సంచిలో దించే ముందు వేరు కొస వెంట్రుకంత గిల్లి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ తర్వాతే నాటేది. తక్కిన ఏడుగురికీ రాని విద్య అది. గంగరత్నకు అసలే రాదు. అయినా గంగరత్న మొక్కలు బతికాయి.

పిళ్ళమ్మ కారణాలు వెతుక్కుంది. తన వరస ఫ్యాక్టరీ గోడ పక్కన ఉంది, జనరేటరు వేడి తగులుతుంది. మట్టి కలిపేవాళ్ళు తన సంచుల్లో ఎరువు తక్కువ వేస్తారు. నీళ్ళ పైపు ముందు గంగరత్న వరసకే పోతుంది. ఇంకో కారణం కూడా తోచింది. దాన్ని పైకి అనలేదు. అది గంగరత్న కన్ను.

ఆ రోజు ఆమె తల ఎత్తకుండా పనిచేసింది. తాళంచెవుల చప్పుడు వినబడినప్పుడు మాత్రం ఎత్తింది. గంగరత్న మందుల షెడ్డు తీసింది. పైపుల గది తీసింది. కాళ్ళకు కొత్త చెప్పులున్నాయి, నీలం పట్టీలవి. ఎప్పుడు కొన్నది? ముందే తెలిసి కొన్నదా? కిరణ్మయి ఆమెను గంగా అని పిలిచి, రమ్యకు పీయూసీ పరీక్షలు ఎప్పుడని అడిగింది. పిళ్ళమ్మ భర్త మంచాన పడి పదునాలుగు నెలలైంది. ఆయన పేరేమిటో ఆ మేడంకు తెలియదు.

ఆయన పేరు చిక్కమునియప్ప. కాటన్‌పేటలో హమాలీ. ఒకరోజు భుజంమీద మూటతో సహా పడిపోయాడు. ఎడమపక్క చచ్చుబడింది. గార్మెంట్‌లో ఉన్నన్నాళ్ళూ పిళ్ళమ్మకు ఈఎస్‌ఐ కార్డు ఉండేది. మోకాలు పట్టేసి మెషిను తొక్కలేక మానుకుంది. దాంతో కార్డు పోయింది. ఏడాది తిరక్కముందే ఆయన పడ్డాడు. మందులకు నెలకు మూడువేల రెండువందలు. మాలీషు చేసే మనిషి పూటకు మూడువందలు అడిగితే రెండువారాలు చేయించి మాన్పించింది. కార్డుంటే ఆస్పత్రిలో చేర్చుకుంటారు, నెలల తరబడి మాలీషు చేస్తారు, తనకు తెలిసిన ఒకాయన అట్లాగే లేచి నడిచాడు అని మార్త చెప్పింది. పిళ్ళమ్మ ఆ మాట పట్టుకుని ఉంది. ఇప్పుడు ఆ కార్డు గంగరత్నది.

ఆయనను పొద్దునా సాయంత్రమూ పక్కకు పొర్లించాలి. లేకపోతే వీపు పుండు పడుతుంది. పిళ్ళమ్మ ఒక్కదానివల్ల కాదు. మొదటి నుంచీ గంగరత్న వచ్చి భుజాలు పడుతుంది, పిళ్ళమ్మ నడుము పడుతుంది. మంగళవారం సాయంత్రం కూడా వచ్చింది. చేతిలో చారు గిన్నె ఉంది.

"పొర్లుదామా అప్పా?" అంది.

"మేస్త్రీ చెప్తే పొర్లకుండా ఉంటామా తల్లీ" అన్నాడు చిక్కమునియప్ప. మాట ముద్దముద్దగా వస్తుంది. వేళాకోళం మాత్రం పోలేదు.

"నీకెవరు చెప్పిరి?" అంది పిళ్ళమ్మ.

"రమ్య. ఎగురుకుంటా వచ్చి చెప్పె."

ఇద్దరూ కలిసి ఆయనను పొర్లించారు. గంగరత్న తడిబట్టతో వీపు తుడిచి పౌడరు వేసింది. చెయ్యి కదిలినప్పుడల్లా తాళంచెవులు మంచం పట్టెకు తగిలి చప్పుడయ్యాయి. ఇంటికి వచ్చినా ఆమె వాటిని కొంగు నుంచి విప్పలేదు.

"అక్కా, నువ్వేమన్నా అనుకుంటా ఉండావా?" అంది.

"నేనేమనుకుంటా? నీ అదృష్టం నీది."

"అదృష్టం యాడిదక్కా. మొక్కలు బతికుండాయి, అంతే."

"నావి చచ్చుండాయి. అంతే" అంది పిళ్ళమ్మ.

గంగరత్న వెళ్ళిపోయాక పిళ్ళమ్మ ఆయనకు అన్నం కలిపి పెట్టింది.

"సారు బాగుండాది. గంగ చెయ్యి మంచిది" అన్నాడాయన.

"రేపటి నుంచి ఆ యమ్మనే వండి పెట్టమను."

"యాల అంత మంట నీకు? ఆ పిల్లకు మొగుడు లేడు, బిడ్డను చదివించుకోవల్ల."

"నాకు మొగుడుండాడు. ఉండి నాకేమొచ్చె?"

ఆయన నోట్లో ముద్ద ఆగింది. మొహం అటు తిప్పుకోవడం ఆయన వల్ల కాలేదు, కళ్ళు మాత్రం గోడవైపు తిప్పాడు. పిళ్ళమ్మ చారు గిన్నె కడిగి, గంగరత్న గడప ముందు పెట్టి, తలుపు తట్టకుండా వచ్చేసింది.

బుధవారం పదకొండు గంటలకు శ్రీనివాసులు కారులో నర్సరీకి వచ్చాడు. శుక్రవారం పూజ ఖర్చు, లారీ బాడుగ, భోజనాలు కాటన్‌పేట వేర్ల వర్తకులు పెట్టుకుంటున్నారు. ఆయన వాళ్ళ సంఘానికి పెద్ద. కొండల్లో సరుకు లేక వేరు కిలో నాలుగువందలు దాటింది. ఊరగాయలవాళ్ళు వచ్చి గోతం లేదని తెలిసి తిరిగిపోతున్నారు.

"తవ్వింది మేమే కదప్పా. మళ్ళీ నాటించేది కూడా మేమే కానీలే" అని దామోదర్‌తో అన్నాడు. షామియానా ఎక్కడ వేయాలో, కుర్చీలు ఎటు తిరగాలో చూపించాడు. గోడ పక్క వరసలో పిళ్ళమ్మ కనబడితే ఆగాడు.

"ఏమ్మా పిళ్ళమ్మా, ఇక్కడ చేరితివా? నీ ముక్కు ఇంకా కెలసం చేస్తా ఉండాదా?"

"చేస్తా ఉండాది సామీ. పసి మొక్కలు కదా, వాసనే ఇంకా పుట్టలా."

"పుడతాది, పుడతాది. మునియప్ప యట్లుండాడు?"

"ఉండాడు సామీ."

అప్పుడు గంగరత్న వచ్చింది. శుక్రవారం మొదట ఎత్తడానికి ఎంచిపెట్టిన సంచిని తెచ్చి దామోదర్‌కు చూపించింది. తీగ జానెడు పాకి ఉంది. శ్రీనివాసులు మొక్కను చూశాడు. తర్వాత ఆమె నుదురు చూశాడు. చిన్న నల్ల స్టిక్కరు ఉంది. మెడ చూశాడు. పూసలదండ ఉంది. ఆమె సంచి తీసుకుని వెళ్ళిపోయింది. దామోదర్ లారీవాడితో ఫోన్‌లో మాట్లాడుతూ గేటువైపు పోయాడు.

"ఎవరమ్మా ఈ పిల్ల?" అన్నాడు శ్రీనివాసులు.

పిళ్ళమ్మ చేతిలో ఒక మొక్క ఉంది. వేరు కొస గిల్లి, వాసన చూసి, సంచిలో దించింది. చుట్టూ మట్టి అదిమింది.

"మా మేస్త్రీ సామీ. మొదటి మొక్క ఎత్తేది ఆ పిల్లే" అంది. ఇంకో మొక్క తీసుకుంది. "పాపం, మొగుడు పోయి నాలుగేండ్లాయ."

పాపం అనే మాట అంత సులువుగా వస్తుందని ఆమె అనుకోలేదు. శ్రీనివాసులు నాలుగడుగులు పక్కకు పోయి జేబులోంచి ఫోను తీశాడు. పిళ్ళమ్మ ట్రేలో మిగిలిన మొక్కలన్నీ నాటేదాకా లేవలేదు.

గురువారం పొద్దున దామోదర్ గంగరత్నను ఆఫీసు గదిలోకి పిలిచాడు. తలుపు వేయలేదు. కిటికీ కింద సంచులకు మట్టి నింపుతున్న పిళ్ళమ్మకు అన్నీ వినబడ్డాయి.

"చూడమ్మా, కొండ కింద ఊళ్ళో పెద్దమనిషి లింగన్న ఫోన్ చేసినాడు. శ్రీనివాసులు సారు కూడా చెప్పినారు. శుభమా అని మొదలుపెట్టే పనికి ముత్తైదువ చెయ్యి ఉండల్లంట. రేపు నువ్వు ముందర నిలబడొద్దు."

"సరే సార్, వెనకాల నిలబడతా. కొండకు యప్పట్నుంచి పోవల్ల?"

"అది కూడా... ఊరోళ్ళకు ఇష్టం లేని చోటికి నువ్వు పోతే ఏం బాగుంటాది? చూద్దాం. నీ పాత కూలి నీకుంటాది."

ఆ గదిలోనే ఉన్న కిరణ్మయి కుర్చీలోంచి లేచింది.

"దామోదర్ గారూ, ఇది అసలు కరెక్ట్ కాదండీ. ఆవిడ సర్వైవల్ రేట్ చూశారా మీరు?"

"మేడం, మీరు మొక్కలు చూసుకోండి. ఊళ్ళో ఒప్పించేది నేను. వాళ్ళు మేకల్ని తోలితే ఒక్క మొక్క మిగలదు."

కిరణ్మయి గంగరత్నవైపు తిరిగింది. "ప్లీజ్ గంగా, ఈ ఒక్క ఫంక్షన్‌కి అడ్జస్ట్ అవ్వు. తర్వాత నేను హెడ్డాఫీసుతో మాట్లాడతాను" అంది.

గంగరత్న కొంగు ముడి విప్పబోయింది. అది బిగిసిపోయింది. పళ్ళతో లాగి విప్పి, చెవులు బల్లమీద పెట్టింది.

పదినిమిషాల తర్వాత దామోదర్ బయటికి వచ్చి ఆ చెవులను పిళ్ళమ్మకు ఇచ్చాడు. రేపు మొదటి మొక్క నువ్వే ఎత్తాలి, శ్రీనివాసులు సారు నీ పేరే చెప్పారు అన్నాడు.

"కార్డు కూడా నాకేనా సార్?"

"పూజ కానియ్యమ్మా ముందు. శుక్రవారం దాటనీ, రాయిస్తా."

పిళ్ళమ్మ చెవులను కొంగుకు కట్టుకుంది. మందుల షెడ్డు తీసింది. అవసరం లేకపోయినా పైపుల గది రెండుసార్లు తీసింది. మార్త ఆ రోజు వేళాకోళమాడలేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పినప్పుడు పిళ్ళమ్మ పక్కన ఎవరూ కూర్చోలేదు. గంగరత్న ఎప్పటిలాగే పని చేసుకుంది. నీలం పట్టీల చెప్పులు గట్టుమీద విప్పి పెట్టింది. ఇంక ఇవెందుకు అనుకుంది పిళ్ళమ్మ వాటిని చూసి. అట్లా అనుకోవడం బాగుంది. బస్సెక్కేదాకా బాగుంది.

సాయంత్రం కొళాయి దగ్గర ఆరిళ్ళవాళ్ళూ బిందెలతో ఉన్నారు. గంగరత్న తన బిందె పక్కన పెట్టి పిళ్ళమ్మకు ఎదురుగా నిలబడింది.

"అక్కా, నా సంగతి శ్రీనివాసులు సారుకు ఎవరు చెప్పిరి?"

"ఉన్న మాట ఎవరైనా చెప్తారు. దాచిపెట్టే సంగతా అది?"

"నువ్వే చెప్తివి."

"అవునే, నేనే. ఏమిప్పుడు? నేను తెస్తే వస్తివి. నా చేతి కింద నేర్చుకుంటివి. నాకు రావల్సింది నువ్వు ఎత్తుకపోతా ఉంటే సుమ్మనె చూస్తా కూర్చోవల్లనా?"

"నీకు రావల్సిందా?" గంగరత్న గొంతు లేచింది. "నీ మొక్కలు యాల చస్తా ఉండాయో తెలుసా నీకు?"

"తెలుసు. నీ కన్ను పడి."

"నీ గోరు పడి. కాటన్‌పేట అంగడనుకుంటివా? వేరు కొస గిల్లి గిల్లి పెడ్తా ఉండావే, ఆ తెగిన కాడ తడి తగిలి కుళ్ళుతా ఉండాది. నేను చేరిన నెల నుంచి చూస్తా ఉండా."

పిళ్ళమ్మ తన కుడిచేతి బొటనవేలు చూసుకుంది. గోటి కింద మట్టి ఉంది.

"చూస్తా ఉండి చెప్పకపోతివా?"

"చెప్పింటే నీవీ బతికేవి. బోర్డు మీద నీ పేరూ పైకి పోయేది. ఒక కెలసానికి ఇద్దర్ని తీసుకుంటారా వాళ్ళు?" అంది గంగరత్న. "నాకూ ఒక బిడ్డ ఉండాది అక్కా."

ఎవరో కొళాయి కట్టేశారు. పిళ్ళమ్మ రెండు చేతులతో గంగరత్నను తోసింది. గంగరత్న బిందెమీద పడింది. బిందె సొట్టపోయి నీళ్ళన్నీ పోయాయి. రమ్య పరుగెత్తుకొచ్చి తల్లిని లేపి లోపలికి తీసుకుపోయింది. పిళ్ళమ్మ అక్కడే నిలబడి, అందరూ వింటుండగా, గంగరత్న తలుపువైపు తిరిగి తిట్టింది. తిట్లు అయిపోయాక బిందె ఎత్తుకుని లోపలికి పోయింది.

ఆ సాయంత్రం చిక్కమునియప్పను ఎవరూ పొర్లించలేదు.

శుక్రవారం తెల్లవారగానే గంగరత్న తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. పిళ్ళమ్మను పలకరించలేదు. మంచం తలవైపు నిలబడి ఆయన భుజాల కింద చేతులు పెట్టింది. పిళ్ళమ్మ నడుమువైపు పోయింది. ఇద్దరూ కలిసి పొర్లించారు. వీపు మీద అరచేతంత మేర కమిలింది. గంగరత్న అక్కడ వేళ్ళతో తడిమి చూసింది, తుడిచింది, పౌడరు వేసింది.

"నిన్న యాల రాలేదమ్మా గంగా?" అన్నాడు చిక్కమునియప్ప.

"నీళ్ళ కాడ ఆలస్యమాయప్పా" అంది.

ఆమె మోచేతికి పసుపు అద్దిన గుడ్డ కట్టి ఉంది. ఆయన దాన్ని చూశాడు కానీ అడగలేదు. ఆమె వెళ్ళిపోతుంటే ఆయన చూపు తలుపు దాకా వెంట పోయింది. పిళ్ళమ్మ అది కూడా గమనించింది. గంగరత్న వేసుకున్న చెప్పులు పాతవి. అది కూడా గమనించింది.

పదిన్నరకు నర్సరీలో షామియానా కింద కుర్చీలు నిండాయి. ముందు వరసలో కాటన్‌పేట వర్తకులు, వాళ్ళ మధ్య శ్రీనివాసులు, పక్కన కొండ కింది ఊరి నుంచి వచ్చిన లింగన్న. వెనక సాఫ్ట్‌వేర్ కంపెనీ కుర్రవాళ్ళు ఒకే రంగు టీషర్టుల్లో ఉన్నారు. లారీకి మామిడాకులు కట్టారు. మొదటి మొక్క ఎక్కితే గాని తక్కినవి ఎక్కించరు. ముహూర్తం పన్నెండు నుంచి పన్నెండుంబావు దాకా అని పూజారి చెప్పాడు.

"ఆ తాళి కొంచెం బయటికి తియ్యమ్మా, ఫొటోలో కనబడల్ల" అన్నాడు దామోదర్.

పిళ్ళమ్మ తీసింది. పన్నెండు కాగానే పూజారి ఆమె చేతికి కుంకుమ పళ్ళెం ఇచ్చాడు. ఆమె సంచికి బొట్టు పెట్టి, పళ్ళెం పక్కనున్న బల్లమీద పెట్టింది.

"మునియప్పకు నయమవతా ఉండాదా అమ్మా?" అన్నాడు శ్రీనివాసులు కుర్చీలోంచి.

"ఉండాడు సామీ."

"బాగా చూసుకో పిళ్ళమ్మా" అన్నాడు దామోదర్. "ఆయన ఉండే దినాలే నీకు ఈ మేస్త్రీ పని. మందులు మాన్పించబాకు."

ముందు వరసలో అందరూ నవ్వారు. శ్రీనివాసులు కూడా నవ్వాడు. పిళ్ళమ్మ నవ్వబోయి ఆగింది.

"ఆయనకు ఏమన్నా అయితే నన్ను తీసేస్తారా సార్?"

"నవ్వులాటకు అంటిని అమ్మా."

"నేను అడుగుతా ఉండా సార్. ఆయనకు ఏమన్నా అయితే కార్డు ఉంటాదా, పోతాదా?"

"మంచి పూట ఆ మాటలు యాలమ్మా?" అన్నాడు శ్రీనివాసులు.

దామోదర్ వాచీ చూసుకున్నాడు. "ముహూర్తం పోతా ఉండాది. ఎత్తమ్మా" అన్నాడు.

పిళ్ళమ్మ వంగి సంచిని రెండు చేతులా ఎత్తింది. అడుగున చిల్లు గుండా ఒక వేరు బయటికి వచ్చి ఉంది. ఆమె బొటనవేలు దాని కొస దగ్గరికి పోయింది. గోరు ఆనింది. అక్కడే ఆగింది. ఆమె తల ఎత్తింది. గంగరత్న నీళ్ళతొట్టి దగ్గర నిలబడి ఆ వేలినే చూస్తోంది. ఈసారి కూడా ఏమీ అనలేదు.

పిళ్ళమ్మ వేలు తీసేసి, సంచిని నేలమీద పెట్టింది.

"నేను ఎత్తను" అంది.

"ఏమి, మోకాలా? పట్టుకొమ్మందునా ఎవరినైనా?" అన్నాడు దామోదర్.

"మోకాలు కాదు సార్. పొద్దున నా మొగుణ్ణి పొర్లించింది ఆ పిల్ల. ఆ చెయ్యి పనికిరాదంటే నాదీ రాదు. నేను ఎత్తను."

ఫొటోలు తీసేవాడు కెమెరా దించాడు. పిళ్ళమ్మ కొంగు ముడి విప్పి, తాళంచెవులను కుంకుమ పళ్ళెం పక్కన పెట్టింది. గంగరత్నవైపు చూడలేదు. తాళి రవికలోకి వేసుకుని, ఫ్యాక్టరీ గోడ పక్క తన వరసకు పోయి కూర్చుంది.

కిరణ్మయి తొట్టి దగ్గరికి పోయింది. "గంగా, నువ్వు రా. వచ్చి ఎత్తు" అంది. లింగన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గంగరత్న కదల్లేదు.

"పూజకు పిలుస్తా ఉండారా మేడం, పనికి పిలుస్తా ఉండారా?"

కిరణ్మయి దామోదర్‌వైపు చూసింది.

"పనికైతే దామోదర్ సారు చెప్పల్ల. ఇంతమంది ముందర చెప్పల్ల" అంది గంగరత్న.

"కార్డులు ఎంతమందికిస్తారో కూడా చెప్పాలండీ. మేం ఎనిమిదిమందిమి ఉన్నాం" అని వెనక నుంచి మార్త అరిచింది.

దామోదర్ శ్రీనివాసులు దగ్గరికి పోయి వంగి మాట్లాడాడు. శ్రీనివాసులు తల అడ్డంగా ఊపాడు. లింగన్న మళ్ళీ కూర్చోలేదు. పన్నెండుంబావు అయింది. పూజారి హారతి పళ్ళెం కింద పెట్టాడు.

పిళ్ళమ్మ గోడ పక్క, గంగరత్న తొట్టి దగ్గర. తాళంచెవులు బల్లమీద ఉన్నాయి.

పన్నెండు నలభైకి లారీ ఇంకా గేటు లోపలే ఉంది. అందులో ఒక్క మొక్క కూడా ఎక్కలేదు.